తలుపు చప్పుడు ఏ ఫోల్డరులో ఉంది? విద్యార్థి రేడియో నాటకానికి ఉమ్మడి ఎఫెక్ట్స్ లైబ్రరీ

రేడియో నాటకానికి తెర లేదు, దీపాలు లేవు, రంగు పూసిన ముఖాలు లేవు. పాత్ర వంటింట్లో ఉందో బస్టాండులో ఉందో శ్రోతకు చెప్పేవి మాట, చప్పుడు, వాటి నడుమ నిశ్శబ్దం. రేడియో కోసమే రాసిన తొలి నాటకాల ప్రస్తావన వస్తే మొదట వినిపించే పేరు రిచర్డ్ హ్యూస్ నాటిక ‘డేంజర్’. 1924 జనవరి 15న బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోవడంతో కథ మొదలవుతుంది. పాత్రలకూ ఏమీ కనబడదు, వింటున్నవాళ్లకూ ఏమీ కనబడదు. చీకటిని ఎంచుకుని హ్యూస్ ఈ మాధ్యమం లోటునే కథకు బలం చేశాడు. అప్పటి నుంచి రేడియో నాటకం తలపెట్టిన ప్రతివాళ్లూ ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: ఈ చోటు ఎలా వినబడుతుంది?

జర్నలిజం శాఖల్లో, రంగస్థల కళల శాఖల్లో, క్యాంపస్ రేడియోల్లో నాటకాలు చేస్తున్న విద్యార్థులకు ధ్వనుల కొరత లేదు. ఫోను తీస్తే రికార్డరు, నెట్టు తెరిస్తే లక్షల ఫైళ్లు. అయినా ప్రసారం రేపనగా ఈ రాత్రి తలుపు చప్పుడు కోసం గంటసేపు వెతుకులాట తప్పడం లేదు. ఉమ్మడి హార్డ్‌డిస్క్ తెరిస్తే ‘డోర్ ఫైనల్’, ‘డోర్ ఫైనల్ 2’, ‘కొత్త డోర్ ఇదే వాడండి’, పేరే లేని వాట్సాప్ ఆడియోలు ఇరవై. ఏది ఏ తలుపో, ఎవరు తీశారో, ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పగలిగిన సీనియర్లు పోయినేడాదే చదువు ముగించుకుని వెళ్లిపోయారు.

విద్యార్థుల లైబ్రరీకీ వృత్తి స్టూడియో లైబ్రరీకీ అసలు తేడా ఇక్కడే ఉంది. స్టూడియోలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఇంజనీరుకు ఏ ఉరుము ఏ టేపులో ఉందో నోటికొచ్చు. పీజీ కోర్సు నిడివి రెండేళ్లు. మొదటి ఏడు నేర్చుకోవడానికి సరిపోతుంది, రెండో ఏడు ప్రాజెక్టుకు సరిపోతుంది. మనుషుల జ్ఞాపకం మీద నడిచే ఏ ఏర్పాటూ ఇక్కడ నిలవదు. ధ్వని గురించి తెలిసినదంతా ఆ ధ్వనితోపాటే ఉండాలి. ఇప్పుడున్న పద్ధతుల్లో ఏది ఈ అవసరానికి ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

ముందు ఒక హద్దు గీసుకోవాలి: అసలు ఏవి దాచాలి? పాత రేడియో స్టూడియోల్లో చాలా చప్పుళ్లు అక్కడికక్కడే పుట్టించేవాళ్లు. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు, పలచటి ఇనప రేకు ఊపి ఉరుము, సెల్లోఫేన్ కాగితం నలిపి మంట, చెక్క పట్టీల డ్రమ్ము మీద కాన్వాసు గుడ్డ కప్పి తిప్పితే ఈదురుగాలి. చట్రంతో సహా ఓ చిన్న తలుపు స్టూడియో మూలన ఉండేది, దానికే రకరకాల తాళాలు, గడియలు. అమెరికాలో సీబీఎస్ ఎఫెక్ట్స్ విభాగాన్ని నడిపిన ఓరా నికోల్స్ ఈ విద్యలో పెద్ద పేరు. సినిమాలో ఇదే పనికి యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరే స్థిరపడిపోయింది. ఇవన్నీ రికార్డింగు సౌకర్యం లేని కాలపు అగచాట్లు అనుకుంటే పొరపాటు. గ్లాసు కింద పెట్టడం, కాగితం చించడం, చీర కుచ్చిళ్లు సర్దుకోవడం, నడక — ఇవి పాత్ర చేసే పనులు. అలిగిన మనిషి గ్లాసు పెట్టే తీరు వేరు, అలసిన మనిషి పెట్టే తీరు వేరు. ఆ చప్పుడు డైలాగు ఊపిరితో కలిసి రావాలి. అందుకే నా మట్టుకు నేను అడుగుల చప్పుడు లైబ్రరీలో వెతకవద్దంటాను. నటుడి పక్కన ఇంకో విద్యార్థి చెప్పులు వేసుకుని నిలబడితే చాలు. స్టూడియోలోకి తేలేనివాటికి లైబ్రరీ కావాలి: సంత, రైలు, వాన, చెరువు గట్టు, ఆసుపత్రి వరండా, వెయ్యి మంది ఉన్న సభ. ఈ ఒక్క విభజన చేసుకుంటే దాచాల్సిన సరుకు సగానికి సగం తగ్గుతుంది.

ఇక బయట దొరికే పెద్ద నిల్వల సంగతి. బీబీసీ తన ఎఫెక్టుల భాండాగారం నుంచి 16 వేలకు పైగా ధ్వనులను 2018లో జనానికి అందుబాటులో పెట్టింది. తర్వాత ఆ సంఖ్య 33 వేలు దాటింది. వ్యక్తిగత, విద్యా, పరిశోధన అవసరాలకు ఉచితం, వ్యాపారానికి వేరే లైసెన్సు. చెవికి శిక్షణ కావాలంటే ఇంతకు మించిన పాఠశాల లేదు. ప్రతి ధ్వనికీ ఉన్న వివరణ చదివినా బోలెడు నేర్చుకోవచ్చు. రెండోది ఫ్రీసౌండ్. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం సంగీత సాంకేతిక బృందం 2005లో మొదలుపెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచి జనం తాము తీసిన ధ్వనులను అందులో పెడతారు. నాణ్యత ఒక్కో ఫైలుకు ఒక్కోలా ఉంటుంది. లైసెన్సూ ఒక్కోలా ఉంటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ రెండూ మనకు ఎంత సాయం చేసినా ఒక చోట ఆగిపోతాయి. గోదావరి జిల్లా పల్లెలో తెల్లవారుతున్న సీనుకు ఇంగ్లండు తోటలోని పక్షుల కూతలు వేస్తే, పక్షుల పేర్లు తెలియని శ్రోతకు కూడా ఏదో తేడాగా వినబడుతుంది. టెలిఫోను గంట చూడండి. మన ల్యాండ్‌లైన్ రెండు పొట్టి మోతలు మోగి, కాస్త ఆగి మళ్లీ మోగుతుంది. అమెరికా ఫోను రెండు సెకన్లు ఏకధాటిగా మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. 1980ల నాటి విజయవాడ ఇంట్లో అమెరికా గంట మోగితే, ఆ కాలం గుర్తున్నవాళ్లకు అక్కడితో నాటకం చెడిపోయినట్టే. తలుపూ అంతే. విదేశీ లైబ్రరీల్లో గుండ్రటి పిడి తిప్పితే నాలుక లోపలికి జరిగే చప్పుడు వందల రకాలుగా ఉంటుంది. మనకు కావలసింది రెండు రెక్కల తలుపుకు పైగొళ్లెం తీసిన చప్పుడు, ఇనప గేటు గడియ, కిరాణా కొట్టు షట్టరు పైకి లేచిన మోత.

వాననే తీసుకోండి. ‘వాన’ అని ఒక ఫైలు ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రేకుల కప్పు మీద పడే వాన మాటను మింగేస్తుంది. ఆ సీనులో నటులు గొంతు పెంచాలి, వాక్యాలు పొట్టివి కావాలి, ‘ఏమన్నావ్?’ అని మళ్లీ అడగడం కూడా సహజం. అంటే ఎఫెక్టు ఎంపిక స్క్రిప్టునే మార్చేస్తుంది. పెంకుటింట్లో వాన మెత్తగా వినబడుతుంది, వెలిశాక కూడా చూరు నీళ్లు చాలాసేపు చినుకు చినుకుగా రాలుతూనే ఉంటాయి. గుసగుసగా చెప్పుకునే కబుర్లకు అంతకన్నా మంచి నేపథ్యం లేదు. తాటాకు కప్పు చినుకుల మోతను చాలావరకు మింగేస్తుంది, ఇంటి లోపలికి వినబడేది ఎక్కువగా బయట నేల మీద, ఆకుల మీద పడే వానే. డాబా ఇంట్లోనైతే వాన వినబడేది కిటికీ గుండానే. ఈ నాలుగు వానలు, ఒక్కొక్కటి లోపలి నుంచి ఒకసారి, వసారాలో నిలబడి ఒకసారి తీసి పెట్టుకున్న శాఖకు ఆ ఎనిమిది ఫైళ్లు నెట్టులో దొరికే ఎనభై వానల కన్నా విలువైనవి. ఒక వానాకాలంలో నలుగురు విద్యార్థులు పూనుకుంటే అయ్యే పని ఇది.

తీసేటప్పుడు పాటించాల్సినవి కొన్నే, కానీ వాటిలో రాజీ కుదరదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఎంపీ3గా కుదించిన ధ్వనిలో పోయింది పోయినట్టే, తర్వాత వేవ్‌గా మార్చినా తిరిగి రాదు. మామూలు ఫోను రికార్డరు నిశ్శబ్దంలో ధ్వనిని తనంతట తాను పెంచుతుంది, పెద్ద చప్పుడు రాగానే తొక్కిపెడుతుంది. ఉరుము ఉరుములా ఉండదు. ఆ సదుపాయాన్ని ఆపివేయగలిగే యాప్ వాడాలి, లేదంటే శాఖలో ఉన్న చేతి రికార్డరు తీసుకెళ్లాలి. వాతావరణ ధ్వని అయితే కనీసం రెండు నిమిషాలు కదలకుండా నిలబడి తీయాలి. చేసే పని అయితే మూడుసార్లు తీయాలి. నిల్వకు చోటు సమస్యే కాదు: ఈ కొలతలో స్టీరియో ధ్వని నిమిషానికి 17 ఎంబీ. సగటున అర నిమిషం చొప్పున రెండు వేల ఎఫెక్టులు పెట్టుకున్నా 17 జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో సరిపోతాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్మేది ఒకటుంది. రికార్డు నొక్కగానే తీస్తున్నవాళ్లు తమ గొంతుతో వివరం చెప్పాలి: ‘రెండు రెక్కల చెక్క తలుపు, లోపలి నుంచి గొళ్లెం తీసి తెరవడం, పాత పెంకుటిల్లు, మైకు మూడడుగుల దూరం, చివర్లో దూరంగా కుక్క అరుపు’. తారీఖు, ఊరు, తీసినవాళ్ల పేరు కూడా. పది సెకన్ల పని. ఫైలు పేరు మారిపోవచ్చు, జాబితా పోవచ్చు, హార్డ్‌డిస్క్ మారవచ్చు. ఈ మాట మాత్రం ఆ చప్పుడుకు అతుక్కునే ఉంటుంది. వాడే ప్రతిలో దాన్ని కత్తిరించుకోవచ్చు, మూల ప్రతిలో మాత్రం కత్తిరించకూడదు. లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ బాలుడు ఎనిమిదేళ్ల వయసులో, 1889లో, ఒక పంజరం పక్షి పాటను మైనపు సిలిండరు మీద రికార్డు చేశాడు. ఇప్పటివరకు తెలిసిన పక్షి పాటల రికార్డింగుల్లో అదే మొదటిది. ఆ పక్షి మన దేశపు అడవుల్లో తిరిగే షామా. అది షామా అనీ, తీసింది కోచ్ అనీ, సంవత్సరం 1889 అనీ ధ్వనితోపాటు వివరం నిలిచింది గనుకే ఇవాళ మనం దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

పేర్లు పెట్టే పద్ధతికి వృత్తిలో ఉన్నవాళ్లు ఇప్పటికే ఒక దారి వేశారు. సినిమా సౌండ్ రంగంలో పనిచేస్తున్న టిమ్ నీల్సన్, మరి కొందరు కలిసి 2020లో యూనివర్సల్ కేటగిరీ సిస్టమ్ అనే ఉచిత వర్గీకరణను ముందుకు తెచ్చారు. 80కి పైగా ప్రధాన విభాగాలు, 750 దాకా ఉపవిభాగాలు. ఫైలు పేరులో ముందు విభాగం కోడు, తర్వాత ధ్వని వివరం, ఆపైన తీసినవాళ్ల గుర్తు, ఏ సేకరణలోదో చెప్పే గుర్తు వస్తాయి. దీన్ని యథాతథంగా తీసుకోమని విద్యార్థులకు నేను చెప్పను. 750 ఉపవిభాగాలు చూసి మొదటి వారమే చేతులెత్తేస్తారు. అందులో మనకు పనికొచ్చే ఇరవై, ముప్పై కోడ్లు ఏరుకుంటే చాలు. కోడ్లు మాత్రం మార్చకూడదు. రేపు ఆ విద్యార్థి ఏ స్టూడియోలో చేరినా అవే కోడ్లు అక్కరకొస్తాయి.

తెలుగులో వెతకడం దగ్గర ఇంకో చిక్కుంది. ఒకరు వాన అని రాస్తారు, ఒకరు వర్షం, ఒకరు జల్లు, మరొకరు ఇంగ్లిషు అక్షరాల్లో తోచిన స్పెల్లింగుతో. తలుపును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి కనీసం మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఫైలు పేరు కోడుతో, సాదా ఇంగ్లిషు అక్షరాలతో పొట్టిగా ఉంచి, తెలుగు వివరం, పర్యాయపదాలు జాబితాలో విడిగా రాయడం మేలు. ప్రసార సంస్థలు వాడే బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో వివరం రాసుకునే గడి ఉంది. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1997లో రూపొందించిన ఆ గడి 256 ఇంగ్లిషు అక్షరాలకే పరిమితం, తెలుగు పట్టదు. తర్వాత వచ్చిన ఐఎక్స్ఎంఎల్ భాగంలో తెలుగు లిపి నిక్షేపంగా నిలుస్తుంది. ఆ రెండింటినీ నింపే ఓపిక లేకపోతే కనీసం ఒక స్ప్రెడ్‌షీట్, లైబ్రరీ ఉన్న ఫోల్డరులోనే.

ఆ షీట్‌లో ఒక గడి తప్పనిసరిగా ఉండాలి. వస్తువును బట్టి మనం దాస్తాం, సందర్భాన్ని బట్టి వెతుకుతాం. డైరెక్టరు ‘చెక్క తలుపు’ కోసం రాడు, ‘కోడలు కోపంగా గదిలోకి వెళ్లిపోయే సీను’ కోసం వస్తాడు. కాబట్టి వినబడేదేమిటో ఒక గడిలో, ఏ సందర్భాలకు పనికొస్తుందో మరో గడిలో రాయాలి. రెండూ కలిపేస్తే, ఒకరికి భయంగా తోచిన చప్పుడు భయం ఫోల్డరులోనే ఉండిపోయి, ఇంకెవరికీ దొరకదు. ఏ నాటకంలో వాడారో రాసే గడి కూడా కావాలి. 1951 నాటి ‘డిస్టెంట్ డ్రమ్స్’ సినిమా కోసం తీసిన ఒక అరుపు, తర్వాత ‘స్టార్ వార్స్’తో సహా వందల సినిమాల్లో వినబడి, విన్నవాళ్లు గుర్తుపట్టే స్థితికి వచ్చింది. ఒకే క్యాంపస్ శ్రోతలకు ఏటా ఆరు నాటకాలు వినిపించేవాళ్ల దగ్గర అదే ఉరుము మూడుసార్లు మోగితే కథలో మునిగిన మనసు బయటికొచ్చేస్తుంది.

హక్కుల విషయంలో విద్యార్థులకున్న ధీమా నన్ను కలవరపెడుతుంది. చదువు కోసమే కదా అని యూట్యూబు నుంచి దించేస్తారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు, ప్రచురించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. చట్టంలోని 52వ సెక్షను విద్యాసంస్థలకు మినహాయింపు ఇస్తుంది. సంస్థలో వినిపించే రికార్డింగుకు అది వర్తించాలంటే శ్రోతలు అధ్యాపకులు, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే కావాలి. ఎఫ్‌ఎమ్‌లో వెళ్లిన నాటకం ప్రహరీ దాటిపోతుంది. తరగతి గదికి పనికొచ్చిన ధ్వని ప్రసారానికి పనికిరాకపోవచ్చు.

ఫ్రీసౌండ్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులుంటాయి: ఏ షరతూ లేని సీసీ జీరో, పేరు చెబితే చాలనేది, పేరు చెప్పడంతోపాటు వ్యాపారానికి వాడొద్దనేది. మూడో రకంతోనే పేచీ. మన కమ్యూనిటీ రేడియోలకు గంటలో కొన్ని నిమిషాలు ప్రకటనలు వేసుకునే అనుమతి ఉంది. ప్రకటనల మధ్య వచ్చే విద్యార్థి నాటకం వ్యాపారమా కాదా అన్న తగువులో దిగడం కన్నా, ఆ రకం ఫైళ్లను లైబ్రరీలోకి రానివ్వకపోవడమే మంచిది. పేరు చెప్పాల్సినవాటికి ప్రతి పేరూ మైకులో చదవనక్కర్లేదు, మాధ్యమానికి తగిన రీతిలో చెప్పమనే ఆ లైసెన్సు అంటుంది. నాటకం పెట్టిన పేజీలో రాస్తే సరిపోతుంది. అది రాయాలన్నా ముందు పేరు షీట్‌లో ఉండాలి.

మనం తీసిన ధ్వనిలోనూ బాధ్యత ఉంది. సంతలో తీసిన రెండు నిమిషాల్లో ఒకావిడ తన కూతురి కాపురం గోడు పక్కామెతో చెప్పుకోవడం స్పష్టంగా పడిందంటే అది ఎఫెక్టు కాదు, ఒక మనిషి సొంత సంగతి. మూకుమ్మడి రొద మాత్రమే ఉంచి మిగతాది తీసేయాలి. ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో అడగకుండా రికార్డరు బయటికి తీయనే కూడదు.

ఇదంతా ఎవరు చూసుకోవాలి? అందరిదీ అన్న లైబ్రరీ చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. సెమిస్టరుకు ఒక విద్యార్థిని బాధ్యుడిగానో బాధ్యురాలిగానో పెట్టి, ఆ పనికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వాలి. ఇది ఉచిత సేవ కాదు, సౌండ్ విద్యలో భాగం. ఫోల్డర్లు మూడు చాలు: కొత్తగా వచ్చినవి, సరిచూసి చేర్చినవి, ఎవరూ ముట్టుకోకూడని మూల ప్రతులు. మొదటి దాంట్లో ఎవరైనా వేయొచ్చు. రెండో దాంట్లోకి బాధ్యులే చేరుస్తారు, వివరం లేనిదాన్ని వెనక్కి పంపే అధికారం వాళ్లకుండాలి. మూడోదానికి ఇంకో ప్రతి వేరే భవనంలో ఉండాలి. లైబ్రరీ ఎప్పుడూ ఒక విద్యార్థి సొంత డ్రైవ్ ఖాతాలో ఉండకూడదు. చదువు పూర్తయి ఖాతా మూసేసిన రోజున ఏళ్ల తరబడి కూడబెట్టిందంతా పోతుంది, అలా పోవడం అరుదేమీ కాదు. టేపు ఖరీదైన కాలంలో ప్రసార సంస్థలు పాత కార్యక్రమాలు చెరిపి కొత్తవి రికార్డు చేసుకునేవి. బీబీసీలోనూ అలా పోయినవి ఎన్నో. వాళ్లకు డబ్బు కారణం ఉంది, మనకు అదీ లేదు.

మిగిలింది, శాఖలు ఒకరికొకరు ధ్వనులు ఇచ్చిపుచ్చుకోవడం. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో దేశపు తొలి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో మొదలైంది. 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ ఉంది. ఒక్కో చోట ఒక్కో ప్రాంతపు ధ్వనులు సహజంగా దొరుకుతాయి. మెట్ట చేల మీది గాలి ఒకరి దగ్గర, కాలువ గట్టు ఒకరి దగ్గర, విశాఖ తీరంలో పడవలు ఇసుక మీదికి లాగుతున్న కేకలు మరొకరి దగ్గర. ఇవి కలవాలంటే పెద్ద సంస్థ, పెద్ద సర్వరు అక్కర్లేదు. ఒకే షీట్ నమూనా, ఒకే లైసెన్సు ఉంటే చాలు. సొంతంగా తీసినవన్నీ సీసీ జీరో కిందో, పేరు చెబితే చాలనే లైసెన్సు కిందో పెట్టాలని రెండు శాఖలు ఒప్పుకుని, ఏడాదికోసారి హార్డ్‌డిస్క్ మార్చుకున్నా పని మొదలవుతుంది. మొదటి విడతకు నా సూచన: ఒక్కో శాఖ తన ఊరి వానలు, తన ఊరి తలుపులు, తన ఊరి బస్టాండు తీసుకురావాలి, గొంతుతో చెప్పిన వివరం కత్తిరించకుండా.